ర్యాంపు వద్దు, ముందు ఆరడుగుల పెట్టె చేయించండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబుకు పన్నెండేళ్లు, స్కేట్‌బోర్డు ఎక్కి ఏడు నెలలు. వీడియోలు చూసి మూడడుగుల ఎత్తు ర్యాంపు కావాలని పట్టుబట్టాడు. మీ వీధి వడ్రంగి 12 ఎంఎం కమర్షియల్ ప్లైతో రెండు రోజుల్లో చేసిస్తానన్నాడు. మేడ మీద పెట్టుకోవచ్చా, అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో పెట్టాలా అని కూడా అడిగారు. మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఎత్తు తప్పు, ప్లై తప్పు, అసలు ర్యాంపుతో మొదలుపెట్టడమే తప్పు. మేడ సంగతి తర్వాత చెబుతాను. తప్పు పట్టి ఊరుకుంటే మీకు ఒరిగేదేమీ లేదు కాబట్టి, ఏం చేయించాలో కొలతలతో సహా రాస్తున్నాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

నాకు విజయవాడలో ఫర్నిచర్ వర్క్‌షాపు ఉంది, ఇరవై రెండేళ్లుగా అదే పని. స్కేట్‌బోర్డు ఎక్కింది రెండుసార్లు, రెండుసార్లూ వెల్లకిలా పడ్డాను. ఆడింది మా అమ్మాయి. తన కోసం, తన స్నేహితుల కోసం ఇప్పటికి తొమ్మిది పెట్టెలు, నాలుగు చిన్న ర్యాంపులు చేశాను. మొదటి రెండు పెట్టెలూ చెడగొట్టాను. కింద రాసినదాంట్లో పనికొచ్చే మాటలన్నీ ఆ రెండు నేర్పినవే.

మూడడుగులంటే పన్నెండేళ్ల పిల్లవాడికి నడుము దాటుతుంది. అంత ఎత్తు నుంచి గాల్లోకి లేచినవాడు ఎక్కడ దిగుతాడు? వీడియోల్లో అవతల దిగడానికి మరో వాలు ఉంటుంది. వాలు మీద దిగితే పడిన బరువు ముందుకు జారిపోతుంది. మీ పార్కింగులో అవతల ఉండేది చదునైన సిమెంటు నేల. అక్కడ దిగితే ఆ దెబ్బంతా చీలమండలు, మోకాళ్లు మోయాలి. ఇంకో చిక్కు, ర్యాంపు దగ్గర వేగం పిల్లవాడి చేతిలో ఉండదు. తగ్గితే పైదాకా వెళ్లక వెనక్కి జారతాడు, పెరిగితే బోర్డు ఒకవైపు, మనిషి ఒకవైపు.

పెట్టె సంగతి వేరు. పెట్టె అంటే పీటలాంటిదే: పొడవుగా, తక్కువ ఎత్తులో, అంచుకు ఇనుప యాంగిల్ బిగించి ఉంటుంది. స్కేటర్లు దీన్ని బాక్స్ అనో లెడ్జ్ అనో అంటారు. మెల్లగా వచ్చి పైకి ఎక్కి దిగవచ్చు. పైన రెండు చక్రాల మీదే నిలిచి పోవచ్చు. అంచు మీద బోర్డు అడుగుభాగాన్ని జార్చవచ్చు. చేయి తిరిగాక చక్రాలను మోసే అల్యూమినియం ఇరుసుల్ని, అంటే ట్రక్కుల్ని, ఇనుప అంచు మీద రాపాడించుకుంటూ పోవచ్చు. దాన్ని గ్రైండ్ అంటారు. భయం వేసిన రోజు పక్కనుంచి వెళ్లిపోవచ్చు. ఒకే వస్తువుతో నాలుగేళ్లు నేర్చుకోవచ్చు.

టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ తొలిసారి చేరింది, 2021లో. మహిళల స్ట్రీట్ విభాగంలో బంగారు పతకం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజి నిషియాకు అప్పటికి పదమూడేళ్లు, మీ బాబు కంటే ఏడాది పెద్ద అంతే. ఆ మైదానాన్ని మళ్లీ చూపించండి: మెట్లు, చేపట్టు కమ్మీలు, అరుగుల్లాంటి అంచులు. మనం చేయబోయే పెట్టె ఆ అరుగుకు చిన్న చెల్లెలు.

పెట్టె ఎక్కాలంటే ముందు ఆలీ రావాలి. (మన ఆలి కాదు. 1970ల చివర్లో ఫ్లోరిడాలో చేతితో పట్టుకోకుండానే బోర్డును గాల్లోకి లేపిన అలన్ గెల్ఫాండ్ ముద్దుపేరు అది. ఆయన వాలు గోడల మీద చేసినదాన్ని 1980ల మొదట్లో రాడ్నీ మల్లెన్ చదును నేల మీదకు తెచ్చాడు. వీధి స్కేటింగుకు అదే పునాది.) ఆలీ అంటే బోర్డు వెనుక కొసను, అంటే తోకను, నేలకు కొట్టి, ముందు కాలిని పైకి జార్చి, బోర్డును పాదాలకు అంటినట్టే లేపడం. వచ్చిందో లేదో తేల్చడానికి నేను ఇటుక పరీక్ష పెడతాను. మామూలు ఇటుకను పడుకోబెడితే సుమారు మూడంగుళాలు, పక్కకు నిలబెడితే నాలుగు, నాలుగున్నర. పడుకోబెట్టిన ఇటుకను పదిసార్లలో ఏడుసార్లు దాటితే పెట్టె చేయించండి. అదీ రాకపోతే ఒక నెల ఆగండి, ఈలోగా ఇటుక చాలు, దానికి డబ్బులు అక్కర్లేదు. ఎనిమిది అంగుళాల ఎత్తు పెట్టెతో మొదలుపెట్టమని చాలామంది అంటారు. నేను ఆరు అంగుళాలే అంటాను. రెండంగుళాలు తర్వాత పెంచుకునే ఏర్పాటు ఉంది, చెబుతాను.

ఇక ప్లై. 18 ఎంఎం తప్ప మరోటి వద్దు, వడ్రంగుల లెక్కలో సుమారు ఆరు సూత్‌లు. అలమారా అరకు 12 సరిపోతుంది, ఎందుకంటే అరలో బట్టలు కదలకుండా కూర్చుంటాయి. ఇక్కడ నలభై కిలోల పిల్లవాడు గాల్లోంచి దిగుతాడు. ఆ బరువంతా నాలుగు గట్టి చక్రాల మీద పడుతుంది, ఒక్కో చక్రం ప్లైని తాకేది వేలి గోరంత మేర. 12 ఎంఎం ప్లై దెబ్బ దెబ్బకూ కుంగి లేస్తుంది. పగలదు, కానీ ఆ కుంగుడుకు స్క్రూలు వదులవుతాయి, నెల తిరిగేసరికి పెట్టె డప్పులా మోగుతుంది. నా మొదటి పెట్టె అలాగే మోగింది, కింది వాటాలో ఉండే మాస్టారు గారు స్వయంగా పైకి వచ్చి పరామర్శించి వెళ్లారు.

రకం విషయంలో, కమర్షియల్ అని అమ్మేది ఎంఆర్ గ్రేడ్. పూర్తి పేరు మాయిశ్చర్ రెసిస్టెంట్. ఆ పేరు చూసి మోసపోవద్దు, గాలిలోని తేమకు తట్టుకుంటుందే తప్ప వానకు కాదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. ముద్ర చూసి ఊరుకోకండి, షాపులో ఏదైనా కోసిన ముక్క అంచు చూడండి. పొరల మధ్య జిగురు గీతలు ముదురు గోధుమరంగులో ఉంటే నీటికి తట్టుకునే జిగురు వాడినట్టు, తెల్లగా ఉంటే అనుమానించాలి. అంచులో చీమ దూరేంత కంతలు కనిపిస్తే ఆ షీటు వద్దు. పైనుంచి వేలి కణుపుతో కొట్టుకుంటూ పోండి, ఒకచోట బోలుగా మోగితే లోపల పొర ఖాళీ అన్నమాట. షాపువాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఒక 8×4 షీటులో మొత్తం పెట్టె వస్తుంది. ఈ కోత లెక్క వడ్రంగికి యథాతథంగా చూపించండి. పైపలక 72 అంగుళాల పొడవు, 18 వెడల్పు, ఒకటి. పక్కపలకలు 72 పొడవు, 5 ఎత్తు, రెండు; పైపలక, దాని మీద పరిచే 6 ఎంఎం ప్లై కలిస్తే ఆరు అంగుళాల ఎత్తు వస్తుంది. ఈ మూడు పలకలూ షీటు పొడవు దిశలోనే కోయాలి, అప్పుడే పై పొర నార పెట్టె పొడవునా నడిచి బలం ఇస్తుంది. మిగిలిన 24×48 ముక్కలోంచి అడ్డుపలకలు ఐదు: 5 అంగుళాల ఎత్తు, వెడల్పు రెండు పక్కపలకల మధ్య పట్టేంత, అంటే 18 అంగుళాల్లోంచి రెండు ప్లై మందాలు తీసేయగా 421 మిల్లీమీటర్లు. రెండు చివర్లకు రెండు, మధ్యలో సమదూరంలో మూడు. దాంతో దాదాపు ప్రతి 18 అంగుళాలకూ పైపలక కింద ఆధారం ఉంటుంది. ఇంకా 20 అంగుళాల వెడల్పు పట్టీ ఒకటి మిగులుతుంది. పారేయనివ్వకండి, ఎత్తు పెంచడానికి దానితో పని ఉంది.

బిగింపు మామూలు పనే, వడ్రంగికి తెలిసినదే. రెండు చోట్ల మాత్రం పక్కన నిలబడండి. ఒకటి, స్క్రూలు. ఫాల్స్ సీలింగుకు వాడే నల్ల జిప్సం స్క్రూలే అందరి సంచుల్లోనూ ఉంటాయి, చవక కాబట్టి. అవి గట్టివే కానీ పెళుసు. అడ్డంగా దెబ్బ తగిలితే తల తెగి ఎగిరిపోతుంది. జింకు పూత ఉన్న చిప్‌బోర్డు స్క్రూలు, 50 ఎంఎం పొడవువి తెప్పించండి. రెండు, ప్లై అంచులోకి నేరుగా స్క్రూ దించితే పొరలు విచ్చుకుంటాయి. ముందు 3 ఎంఎం బిట్టుతో రంధ్రం వేసి తర్వాత దించాలి. ఆరు అంగుళాలకొకటి చొప్పున పెట్టాలి. అతుకులన్నిటికీ నీటికి తట్టుకునే జిగురు, డబ్బా మీద మెరైన్ అని రాసి ఉండేది. చట్రం బిగించాక మూలమట్టం పెట్టి చూడటంతో పాటు రెండు కర్ణాలూ టేపుతో కొలవమనండి. రెండూ సమానమైతేనే పైపలక వేయాలి.

ఇప్పుడు అంచు. పెట్టె అంటే నిజానికి ఈ అంచే, మిగతా చెక్కంతా దీన్ని మోయడానికి ఉన్న కుర్చీ. పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే పాడు చేస్తారు. నేను రెండుసార్లు పాడు చేశాను, కాబట్టి కొంచెం సేపు ఇక్కడ ఆగుదాం.

పొడవాటి రెండు అంచులకూ ఎల్ యాంగిల్ 50×50×6 తీసుకోండి, అంటే ఎల్ అక్షరం ఆకారంలో ఉండే ఇనుప పట్టీ, రెండు రెక్కలూ 50 మిల్లీమీటర్ల చొప్పున, మందం 6. షాపులో 50×50×5 అంటగట్టబోతారు, అదే ఎక్కువగా దొరుకుతుంది. 6 అనడానికి కారణం ఉంది. యాంగిల్ పైరెక్క పైపలక మీద కూర్చుంటుంది కదా, అక్కడ దాని మందమంత మెట్టు ఏర్పడుతుంది. ఆ మెట్టు పోవాలంటే రెండు యాంగిళ్ల మధ్య మిగిలిన జాగాలో అంతే మందం గల మరో ప్లై పరచాలి. 6 ఎంఎం ప్లై ఎక్కడైనా దొరుకుతుంది. యాంగిల్ 6, ప్లై 6, పైనంతా ఒకే మట్టం. అరచేత్తో అడ్డంగా రాస్తే ఎక్కడా తగలకూడదు. మీటరుకు నాలుగున్నర కిలోల బరువుంటుంది కాబట్టి ఆరడుగుల ముక్కలు రెండింటికీ కలిపి పదహారున్నర కిలోలు. యాంగిల్ కిలో లెక్క, ప్లై చదరపు అడుగు లెక్క, షీటుకు 32 అడుగులు. ధర మీ ఊళ్లో కనుక్కుంటే ఖర్చు మీకే తెలిసిపోతుంది. ఆరు మీటర్ల నిడివి కొంటేనే ఇస్తామంటే కొనేయండి, మూడు ముక్కలు వస్తాయి, మూడోది ఏదో ఒకనాడు పనికొస్తుంది.

పైన పరిచే 6 ఎంఎం పలక వెడల్పు ఎంత? నేను మొదటిసారి చేసిన లెక్క: పెట్టె వెడల్పు 18 అంగుళాలు అంటే 457 మిల్లీమీటర్లు, అటూ ఇటూ యాంగిల్ రెక్క 50 చొప్పున తీసేస్తే 357. కోసేశాను. పెట్టి చూస్తే రెండు పక్కలా ఆరేసి మిల్లీమీటర్ల సందు. ఎందుకంటే యాంగిల్ నిలువు రెక్క పెట్టె బయట ఉంటుంది, ఆ 50లో 6 దాని మందానికే పోతుంది. చెక్క మీద కూర్చునేది 44 మాత్రమే. 457లోంచి 88 తీసేస్తే 369. ఇరవై ఏళ్లకు పైగా చెక్క కోస్తున్నవాడిని, ఇనుము దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లాడిలా తప్పు చేశాను. ఆ సందుల్లో ఇసుక చేరి, చక్రం దాటినప్పుడల్లా టకటకమనేది.

రెండో తప్పు ఇంకా చిత్రమైనది. యాంగిల్ తెచ్చి పెట్టె మూల మీద పెడితే కూర్చోదు. పైన కూర్చోబెడితే పక్కన ఎత్తుగా లేస్తుంది, పక్కన అదిమితే పైన. వంకర ఇనుము ఇచ్చాడని షాపువాడితో గొడవపడి వచ్చాను కూడా. ఇనుములో తప్పేమీ లేదు. యాంగిల్ బయటి మూల నిక్కచ్చిగా ఉంటుంది కానీ, లోపలి మూల గుండ్రంగా నిండి ఉంటుంది. ఎర్రగా కాలిన ఇనుమును రోలర్ల మధ్య ఒత్తి తీసేటప్పుడు అలాగే వస్తుంది, బలం కోసం. మన చెక్క అంచేమో సూటి మూల. ఆ గుండ్రనిదానికి తగులుకుని లేస్తుంది. కాబట్టి పెట్టె పై అంచులు రెండింటినీ పొడవునా చిత్రిక పట్టి, ఓ ఐదారు మిల్లీమీటర్ల మేర వాలుగా కొట్టేయాలి. నాలుగు లాగులు లాగితే చాలు. తర్వాత యాంగిల్ టక్కున కూర్చుంటుంది. ఆ శబ్దం వింటే పని వచ్చినవాడికి ప్రాణం లేచివస్తుంది.

యాంగిల్‌ను పట్టి ఉంచే స్క్రూలు ఎక్కడ వేయాలన్నది మూడో సంగతి. పైరెక్క మీద ట్రక్కు రాసుకుంటుంది కాబట్టి అక్కడ వద్దు, పక్కరెక్క మీదే వేద్దాం అనిపిస్తుంది. నేనూ అలాగే వేశాను, తలలు కొద్దిగా పైకి ఉన్నా పక్కనే కదా అని ఊరుకున్నాను. గ్రైండ్ చేసేటప్పుడు ట్రక్కు అంచు మీద ఉంటే, బయటి చక్రాలు పెట్టె పక్కన గాల్లో వేలాడుతూ పక్కరెక్కను ఒరుసుకుంటూ పోతాయి. మా అమ్మాయి మూడో రోజు చక్రం ఆ స్క్రూ తలకు తట్టుకుని ముందుకు పడింది. మణికట్టు వాచింది, అదృష్టం, విరగలేదు. అందుచేత ఏ రెక్క మీదైనా సరే స్క్రూ తల ఇనుము మట్టం కన్నా లోపలికి దిగాలి. 5 ఎంఎం బిట్టుతో రంధ్రం వేసి, దాని మూతిని పెద్ద బిట్టుతో గరాటులా విప్పాలి. 6 ఎంఎం మందం ఉంది కాబట్టి తల పూర్తిగా మునుగుతుంది. పక్కరెక్క మీద అడుగుకొకటి, పైరెక్క మీద రెండు చివర్లా, మధ్యలో ఒక్కోటి చాలు. మీ దగ్గర మంచి డ్రిల్లు లేకపోతే వెల్డింగు షాపులో వేయించండి, చేతి డ్రిల్లుతో పద్దెనిమిది ఇరవై రంధ్రాలంటే బిట్లు కాలిపోతాయి. పైన పరిచే 6 ఎంఎం పలకకు మాత్రం జిగురు రాయకండి, స్క్రూలే. అరిగేది అదే, ఏడాదికో రెండేళ్లకో విప్పి కొత్తది వేసుకోవచ్చు.

కొత్త యాంగిల్ మీద నల్లని పెచ్చు, తుప్పు ఉంటాయి. గ్రైండరుకు ఫ్లాప్ డిస్కు తగిలించి పైరెక్క, బయటి మూల మెరిసేదాకా రుద్దించండి. మూల మరీ కత్తిలా ఉంటే వేలు అడ్డంగా లాగినా కోయనంత గుండ్రం చేయాలి, అంతకు మించి అరగదీస్తే బోర్డు అంచు మీద నిలవక జారిపోతుంది. యాంగిల్ రెండు చివర్ల మూలలు తప్పకుండా గుండ్రం చేయించండి. ముంగాలి ఎముకకు తగిలేవి అవే. ఇంకో మాట, అందంగా ఉంటుందని యాంగిల్‌కు రంగు వేయించకండి. రంగు మీద ట్రక్కు జారదు, పట్టేస్తుంది. పట్టేసిందంటే బోర్డు ఆగుతుంది, మనిషి ఆగడు.

జారడానికి వాడేది తెల్ల కొవ్వొత్తి, అంతే. స్కేటు మైనం అని పెట్టెలో పెట్టి అమ్మేదీ దాదాపు అదే సరుకు. యాంగిల్ మూల వెంట రెండుసార్లు రుద్దితే చాలు. మొదటి వారం రోజూ, తర్వాత అవసరమనిపిస్తే. పలక మీద మైనం అంటితే మాత్రం చక్రాలు కింద నుంచి కొట్టుకుపోతాయి, కాబట్టి అంచుకే. మే నెలలో మా ఊళ్లో మధ్యాహ్నం ఆ ఇనుము మీద చెయ్యి పెట్టలేం, పెట్టె ఎండలో ఉండకుండా చూసుకోండి.

కొందరు ఇనుము ఎందుకు, కడప బండ అంచు పెడితే నున్నగా ఉంటుంది కదా అని అడుగుతారు. నున్నగానే ఉంటుంది, రెండు రోజులు. అది పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి, అంచున దెబ్బ పడితే పెచ్చులు లేస్తుంది. గ్రానైట్ అయితే నిలుస్తుంది, కానీ ఆ బరువు మోసేదెవరు? మన పెట్టే నలభై కిలోలకు కాస్త తక్కువ వస్తుంది. ఇద్దరు మోయవచ్చు, గ్రైండ్ చేసినప్పుడు జరగనంత బరువూ ఉంటుంది.

లోపలివైపు, అడుగు అంచులు, కోసిన ప్రతి అంచూ ప్రైమరు వేసి రెండు పూతలు ఎనామిల్ వేయించండి. ప్లై నీళ్లు తాగేది అంచుల నుంచే. నేలను ఆనే అంచుకు మూడో పూత వేసినా దండగ కాదు. పైపలకకు ప్రైమరు ఒక్క పూత చాలు, నిగనిగలాడితే జారుతుంది. అడుగున పాత స్కూటరు టైరు ముక్కలు కోసి కొట్టండి. తేమ ఎక్కదు, పెట్టె జరగదు, చప్పుడు సగం తగ్గుతుంది. పార్కింగు అంటున్నారు కాబట్టి చప్పుడు గురించి ఇంకొంచెం ఆలోచించండి. పెట్టె బోర్లించి లోపలి గదుల్లో పాత గోనెసంచులు మడిచి బిగుతుగా కుక్కితే మోత బాగా అణుగుతుంది. చెదలు, ఎలుకలు చేరకుండా ఏడాదికోసారి తీసి మార్చాలి. అసోసియేషన్ కార్యదర్శి గారికి ముందే చెప్పి, వేళలు మాట్లాడుకోవడం అన్నిటికన్నా మంచి సౌండ్‌ప్రూఫింగు.

ఇక స్థలం. మేడ మీద వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. పిట్టగోడ మూడడుగులు ఉంది, బాబు జాగ్రత్తగానే ఉంటాడు అంటారు. బాబు పడకపోవచ్చు, బోర్డు పడుతుంది. కాలి కింద నుంచి జారిన బోర్డు పిట్టగోడ ఎత్తు దాకా ఎగరడం నా కళ్లారా చూశాను. కింద వీధిలో ఎవరు నడుస్తున్నారో మనకు తెలియదు. పైగా మేడ మీద వాటర్‌ప్రూఫింగు దెబ్బతింటే వానాకాలం ఆ పాపం మీకే చుట్టుకుంటుంది.

పార్కింగే మేలు. పెట్టెకు ముందు ఇరవై అడుగులు, తర్వాత పదిహేను అడుగులు ఖాళీ కావాలి, పక్కల ఆరేసి అడుగుల్లో స్తంభం ఉండకూడదు. నున్నటి సిమెంటు నేల అన్నిటికన్నా మంచిది. గళ్ల టైల్స్ పరిచి ఉంటే ఆ గీతలు చక్రాలను వణికిస్తాయి. ఆడే ముందు చీపురు తీసుకుని ఆ నలభై అడుగులూ ఊడ్చే పని బాబుదే. స్కేట్‌బోర్డు చక్రం గట్టిది, చిన్నది. కందిగింజంత రాయి అడ్డం వచ్చినా అక్కడికక్కడే ఆగిపోతుంది. మా దగ్గర జరిగిన పడిపోవడాల్లో సగం పెట్టె దగ్గర కాదు, పెట్టెకు చేరేలోపు రాయి తగిలి జరిగినవే. హెల్మెట్ తల వెనుక భాగాన్ని కూడా కప్పేది ఉండాలి, మణికట్టుకు గార్డులు ఉండాలి. పడేటప్పుడు ఎవరైనా చేతులే ముందు పెడతారు.

బోర్డు గురించి మీరు రాయలేదు, కానీ ఒక్కసారి తిప్పి చూడండి. బొమ్మల షాపులో కొన్నదైతే ట్రక్కులు ప్లాస్టిక్‌వి ఉంటాయి. వాటితో పైకి ఎక్కడం, దిగడం వరకే, గ్రైండ్ కుదరదు, రెండు రోజుల్లో విరుగుతాయి. అల్యూమినియం ట్రక్కులు ఉన్న మేపుల్ చెక్క బోర్డు ఉందని నిర్ధారించుకున్నాకే యాంగిల్ మీద ఖర్చు పెట్టండి.

ఎత్తు పెంచే సంగతి చెబుతానన్నాను. మిగిలిన 20 అంగుళాల పట్టీలోంచి రెండంగుళాల ఎత్తు పట్టీలు కోయించి, పెట్టె అడుగు కొలతకే ఒక ఖాళీ చట్రం చేయించండి, వంటింటి గట్టు కింద వేసే దిమ్మెలాంటిది. ఆరు అంగుళాల మీద బాబు సునాయాసంగా ఎక్కుతున్న రోజు పెట్టెను దాని మీద కూర్చోబెట్టి, లోపలి పక్క నుంచి నాలుగు ఇనుప పట్టీలతో కలిపేయండి. ఎనిమిది అంగుళాలైంది. కొత్త పెట్టె అక్కర్లేదు.

ఇంత చెప్పినా వాడికి ర్యాంపే కావాలంటే, ఒక అడుగు ఎత్తు, నాలుగు అడుగుల పొడవు, వంపు లేని సాదా వాలు చేయించండి. పద్నాలుగు డిగ్రీల దాకా వాలు వస్తుంది, చాలు. కింద ప్లై నేలను కలిసే చోట సన్నని ఇనుప రేకు ఒకటి వంచి కొట్టించాలి, లేకపోతే ఆ మెట్టు దగ్గరే చక్రం తట్టుకుంటుంది. వంపు ర్యాంపు సంగతి వాడు దీన్ని చూసి విసుగు పడ్డాక మాట్లాడదాం.

చివరగా మీ వడ్రంగి విషయం. రెండు రోజులన్నాడు కదా, పెట్టెకు కూడా అంతే పడుతుంది, కాబట్టి ఆయన్ని మార్చాల్సిన పని లేదు. ప్లై తెచ్చిన వెంటనే కోత మొదలుపెట్టనివ్వకండి. ముందు యాంగిల్ కొని తెచ్చి ఆయన చేతికి ఇవ్వండి. ఇనుము ఎదురుగా ఉంటే నేను రాసిన 369 అనే అంకెను కూడా నమ్మనక్కర్లేదు, ఆయనే చెక్క మీద పెట్టి పెన్సిలుతో గీసుకుంటాడు.